ప్రస్థానం పెట్టె

నేను ఒక నెట్‌వర్క్ స్విచ్‌ని. స్విచ్ అనగానే మీ చెయ్యి గోడవైపు వెళ్తుందని నాకు తెలుసు. కాకినాడలో నన్ను చూసిన ప్రతివాళ్లూ ముందు అడిగింది, ఇది నొక్కితే ఏం వెలుగుతుందనే. ఏమీ వెలగదు. నా ముఖాన ఇరవైనాలుగు కన్నాలుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో కంప్యూటర్ తాలూకు వైరు గుచ్చుతారు. ఈ కంప్యూటర్ చెప్పిన మాటని ఆ కంప్యూటర్‌కి, మధ్యలో ఇంకెవరి చెవినా పడకుండా చేరవేయడం నా పని. పక్కింటివాళ్లూ తోడికోడళ్లూ తరతరాలుగా చేస్తున్న పనే. కాకపోతే నేను మధ్యలో ఏమీ కలపను.

నాకు ఇంకో గుణం కూడా ఉంది. ఎవరు ఏ కన్నం దగ్గరున్నారో వాళ్ల మాటనిబట్టి గుర్తుపెట్టుకుంటాను. ఐదు నిమిషాలపాటు ఎవరైనా ఒక్క ముక్క మాట్లాడకపోతే వాళ్లని మర్చిపోతాను. దీన్ని లోపమనుకోకండి. నన్ను అలాగే తయారుచేశారు. మనుషుల్ని ఇలా తయారుచేసి ఉంటే పెళ్లిళ్లలో ఇన్ని కుర్చీలు అవసరమయ్యేవి కావు.

పుట్టింది ఎక్కడో సముద్రం అవతల ఫ్యాక్టరీలో. ఒకే రోజున, ఒకే ఘడియలో, నాలాంటివి కొన్ని వందలు పుట్టాయి. జాతకాలన్నీ ఒకటే కావాలి మరి. ఒకటి విమానాశ్రయంలో చేరిందని విన్నాను. నేను కాకినాడ మెయిన్‌రోడ్డులో ఒక బ్యాంకు బ్రాంచిలో, చీపుళ్లు పెట్టుకునే అల్మరాలో చేరాను. అక్కడ నన్నెవరూ పలకరించలేదుగాని నా పేరు చెప్పుకుని చాలామంది టీలు తాగారు. "నెట్‌వర్క్ లేదండి, కాసేపాగి రండి" అని కౌంటర్లో అన్నప్పుడల్లా నేను లోపల నిక్షేపంగా పనిచేస్తూనే ఉండేదాన్ని. కొన్నేళ్లకి నాకంటే కొత్తవి వచ్చాయి. ఇన్నాళ్లూ టీల నింద మోసినందుకు నన్ను తూకానికి అమ్మేశారు. పాత కంప్యూటర్ల కొట్లో, కీబోర్డుల గుట్టమీద, నా రోజులు అయిపోయాయనుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు సుభాషిణి వచ్చింది.

సుభాషిణి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చునేది. పెళ్లికి ముందు బీయస్సీ కంప్యూటర్స్ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువుని పట్టుచీరలాగా మడతపెట్టి లోపల దాచారు. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు బిల్లింగ్ పని మొత్తం హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తున్నారు. దీపావళి తర్వాత ఆ కౌంటర్ ఉండదు. ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ చూసుకునే గురునాథంగారు మాత్రం ఒక మాట అన్నాడట. "మీరు చదువుకున్నవారే కదండీ. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకోండి, మొదటి మెట్టుది చాలు. దీపావళిలోపు తెస్తే మా సెక్షన్లో వేయిస్తాను."

కోచింగుకి వెళ్లే తీరిక లేదు. సొంతంగానే చదవాలి. చేతికి అలవాటు కావాలంటే నిజం స్విచ్ ఒకటి ఉండాలని ఎవరో వీడియోలో చెప్పారు. అందుకని నేను.

ఆ సర్టిఫికెట్ రాకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నెల మొదట్లో వచ్చే డబ్బు సుభాషిణిదొక్కటే. ఆవిడ భర్త జోగారావుది రాబోయే డబ్బు. ఆయన రియలెస్టేట్ చేసేవాడు. అంటే సామర్లకోట రోడ్డులో ఎవరివో పొలాలు చూపిస్తూ, ఇక్కడ పార్కొస్తుంది, అక్కడ స్కూలొస్తుంది అని చెప్పేవాడు. చెప్పీ చెప్పీ ఆయనకే ఆ స్కూలు గంట వినపడేది. మంచివాడు. ఆశ తప్ప వేరే వ్యసనం లేదు.

నన్ను ఆటోలోంచి దింపి రామారావుపేటలోని ఆ రెండో అంతస్తుకి మోసుకొచ్చిన రోజున, జోగారావు తల్లి మంగతాయారు గుమ్మంలోనే ఆపింది.

"ఏంటే అమ్మాయ్ అది? డీవీడీ ప్లేయరా?"

"కాదు అత్తయ్యగారూ. చదువుకోడానికి."

"చదువుకోడానికి పుస్తకాలు కొంటారుగానీ పెట్టెలు కొంటారేంటే. పోన్లే, కుడికాలు పెట్టి లోపలికి తీసుకురా."

నాకు కాళ్లు లేవు. సుభాషిణి తన కుడికాలు పెట్టింది.

నా లోపల రెండు ఫ్యాన్లున్నాయి. బ్యాంకు అల్మరాలో ఆ చప్పుడు చీపుళ్లకి తప్ప ఎవరికీ వినపడేది కాదు. ఆ ఇంట్లో నన్ను ప్లగ్గులో పెట్టగానే హాల్లో టీవీ మూగబోయింది. సీరియల్లో అత్తగారు ఏం పన్నాగం పన్నుతోందో ఈ అత్తగారికి వినపడలేదు.

"అది చదువా, పిండిమరా?" అంది మంగతాయారు.

మర్నాటికల్లా నాకు కవరు కుట్టేసింది. ఆ ఇంట్లో కవరు లేని వస్తువు లేదు. ఫ్రిజ్‌కి కవరు, ఫ్రిజ్ పిడికి ఇంకో కవరు, రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు. సోఫాకి కవరు, ఆ కవరు మాయకుండా దానిమీద తుండుగుడ్డ. వస్తువు పాడైపోయి బయట పారేసేరోజున కవరు తీసి చూస్తే కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. అందరూ ఒక్క క్షణం తృప్తిపడి అప్పుడు పారేస్తారు. నా కవరు పాత కర్టెన్‌తో, చుట్టూ కుచ్చులతో ఉండేది. నేను గాలి పీల్చే చిల్లులన్నీ ఆ కుచ్చుల కిందకే పోయాయి. ఒంట్లో వేడెక్కి, సుభాషిణి పాఠం మధ్యలో రెండుసార్లు సొమ్మసిల్లాక, చదివేటప్పుడు కవరు తీయడానికీ చదవనప్పుడు వేయడానికీ అత్తాకోడళ్ల మధ్య ఒప్పందం కుదిరింది.

చదువు మొదలైంది. పొద్దున్న చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఫోన్లో పాఠం వినేది. ఆసుపత్రినుంచి వచ్చాక నీలంరంగు వైరుతో నన్ను లాప్‌టాప్‌కి కలిపి, విన్నదాన్ని నామీద ప్రయోగించేది. నాలో కొన్ని కన్నాల్ని ఒక గుంపుగా, కొన్నిటిని ఇంకో గుంపుగా విడదీయడం ముందు నేర్చుకుంది. అలా చేస్తే ఒకే పెట్టెలో ఉన్నా ఒక గుంపు మాట రెండో గుంపుకి వినపడదు. దీనికి యంత్రం కావాలని ఆవిడ ఆశ్చర్యపోయింది. చాలా ఇళ్లల్లో కరెంటు కూడా లేకుండా జరిగిపోతుంది కదా.

కంప్యూటర్లకిచ్చే అంకెల చిరునామాల దగ్గర మాత్రం చిక్కుపడింది. ఒక పెద్ద చిరునామాని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎన్ని కంప్యూటర్లు పడతాయో లెక్క తేల్చాలి. ప్రతి ముక్కలోనూ మొదటిదీ చివరిదీ ఎవరికీ ఇవ్వకూడదు. ఎందుకు ఇవ్వకూడదో సుభాషిణికి బుర్రకెక్కలేదు. అన్నం తింటూ అదే గొణుక్కుంటుంటే జోగారావు కంచంలోంచి తలెత్తాడు.

"లేఅవుటే కదా సుభా. ఎకరం తీసుకుని ప్లాట్లు వేస్తాం. మొత్తం అమ్ముకోలేం. రోడ్డుకి కొంత పోద్ది, పార్కుకి కొంత పోద్ది. ఆ రెండూ వదలకపోతే లోపలున్నోడు బయటికెలా వస్తాడు?"

సుభాషిణి చెయ్యి కడుక్కోకుండానే లేచొచ్చి లెక్క చేసింది. సరిపోయింది. ఆ రోజునుంచి చిరునామాలన్నీ జోగారావే కోసి చూపించేవాడు. జీవితంలో మొదటిసారి ఆయన వేసిన ప్లాట్లు వేసినచోటే ఉన్నాయి.

ఇంకో సంగతి చెప్పాలి. నాకు ఏం చెప్పినా అప్పటికి వింటాను. కానీ 'దాచుకో' అని విడిగా చెబితేనే దాచుకుంటాను. చెప్పకపోతే కరెంటు పోయినప్పుడు అంతా పోతుంది. కాకినాడలో కరెంటు సంగతి మీకు తెలుసు. వారంపాటు సాయంత్రాలు కష్టపడి కట్టినదంతా ఒక్క గాలివానకి పోయాక, సుభాషిణి ఆ తర్వాత ఎప్పుడూ దాచుకోమనడం మర్చిపోలేదు.

నాకు పేరు పెట్టడం కూడా పాఠమే. ఏ పేరు పెడితే తెరమీద ప్రతి వరుసా ఆ పేరుతో మొదలవుతుంది. సుభాషిణి హాలువైపు ఒకసారి చూసి, నవ్వాపుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో 'మంగతాయారు' అని కొట్టింది.

జోగారావు చూసి కంగారుపడ్డాడు. "ఇదేంటి సుభా?"

"రోజంతా చప్పుడు చేస్తుంది. ముట్టుకుంటే వేడి. ఇంట్లో ఎవరెక్కడున్నారో అన్నీ దీనికే తెలియాలి. వేరే పేరేం పెట్టమంటారు?"

"అమ్మ చూస్తే?"

"ఇంగ్లీషు కదండీ."

"పెన్షన్‌కి సంతకం ఇంగ్లీషులోనే పెడుతుంది."

సుభాషిణి లాప్‌టాప్ కాస్త అటు తిప్పింది. పేరు మాత్రం దాచుకోమంది. దాచుకున్నాను.

దీపావళి దగ్గరపడింది. పరీక్షకి సోమవారం తప్ప వేరే రోజు దొరకలేదు. రాసే కేంద్రం విశాఖపట్నంలో ఉంది. అక్కడే మంగతాయారు పంచాంగం తెరిచింది.

"సోమవారం తూర్పుకి వారశూల. వెళ్లకూడదమ్మా."

ఇక్కడ నాకు మనుషులు ఎప్పటికీ అర్థంకారు. సుభాషిణికి వారశూలమీద నమ్మకం లేదు. జోగారావుకీ లేదు. "నాకివన్నీ పట్టింపు లేదుగానీ, పెద్దావిడ మనసెందుకు కష్టపెట్టడం" అని ఇద్దరూ అన్నారు. అడిగితే మంగతాయారు కూడా "నాకూ పెద్ద పట్టింపు లేదుగానీ, తీరా ఏదన్నా అయితే" అనేది. ఎవరికీ పట్టింపు లేని విషయానికి అందరూ కట్టుబడ్డారు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో రాసే వీలుంది కాబట్టి, సుభాషిణి అది ఎంచుకుంది.

దానికి నిబంధనలున్నాయి. గదిలో రాసే మనిషి తప్ప ఇంకెవరూ ఉండకూడదు. కెమెరాలోంచి ఒక మనిషి చూస్తూ ఉంటాడు. ఇంకో ముఖం కనపడితే పరీక్ష రద్దు. సుభాషిణి ఈ మాట వారంముందునుంచి ఇంట్లో అందరికీ చెప్పింది. అందరూ ఊఁ అన్నారు.

సోమవారం పొద్దున్న గదంతా ఫోటోలు తీసి పంపితే, కుచ్చుల కవరు కింద ఉన్నదేంటని అవతలివాళ్లు అడిగారట. జోగారావు నన్నెత్తుకుని వంటింట్లో గట్టుమీద, పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. గది తలుపు మూసి, కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. కాసేపటికి ఆయన ఫోన్ మోగింది. పార్టీ ఎవరో ప్లాటు చూస్తామంటున్నారు. ఇక్కడ మాట్లాడితే సుభాషిణికి ఇబ్బందని, పాపం, డాబామీదకి వెళ్లాడు.

మంగతాయారు పూజ ముగించి వంటింట్లోకి వచ్చింది. పెరుగు గిన్నె చూసింది. ఆవిడ మొహం మారింది. శుభమా అని పరీక్షకి కూర్చున్న పిల్లకి నోట్లో పెరుగూ పంచదారా పెట్టడం మర్చిపోయింది. ఆ ఇంట్లో ఏ పరీక్షకీ, ఏ ప్రయాణానికీ అది లేకుండా ఎవరూ కదిలింది లేదు. చిన్న గిన్నెలోకి ఒక చెంచా పెరుగు తీసి, పంచదార వేసి కలిపింది. గాజులు చప్పుడు కాకుండా మోచేతిదాకా వెనక్కి తోసుకుంది. మునివేళ్లమీద గది తలుపు దాకా వెళ్లింది.

నాకు ఇరవైనాలుగు కన్నాలున్నాయి. నోరు ఒక్కటీ లేదు.

ఆవిడ వెంటనే తిరిగొచ్చేసింది. చెంచా ఖాళీ. మొహం వెలిగిపోతోంది. నన్నే సాక్షిగా చూస్తూ, నోటిమీద వేలేసుకుని, ఒక్క మాట మాట్లాడలేదన్నట్టు తలూపింది.

కాసేపటికి సుభాషిణి వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగింది. మూతి చివర పెరుగు తెల్లగా అలాగే ఉంది.

"అప్పుడే అయిపోయిందా?" అంది మంగతాయారు.

"అయిపోయింది అత్తయ్యగారూ."

"బాగా రాసావా?"

సుభాషిణి గ్లాసు బోర్లించి, గట్టు తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. డాబా దిగొచ్చిన జోగారావు భార్య మొహం చూశాడు, తల్లి చేతిలో చెంచా చూశాడు.

"అమ్మా. గదిలోకెళ్లావా?"

"వెళ్లాను. మాట్లాడకూడదందిగా, ఒక్క మాట మాట్లాడానేమో అడుగు. ఊపిరి కూడా బిగబట్టుకున్నాన్రా."

"మాట్లాడటం కాదమ్మా. కనపడకూడదు."

మంగతాయారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చెంచా సింకులో పెట్టబోయి, నా కవరుమీద పెట్టేసింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ రోజు ఆ ఇంట్లో తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు. అందరూ జాగ్రత్తపడినవాళ్లే.

సుభాషిణి ఆ పరీక్షవాళ్లకి రాసుకుంది. ఎంతో మర్యాదగా కుదరదన్నారు. గురునాథంగారిని గడువు అడిగింది. "రూలండీ, పైవాళ్లకి ఏం చెప్పను" అని ఆయన కూడా మర్యాదగానే అన్నాడు. దీపావళి వెళ్లింది. ఆ సెక్షన్లో సర్టిఫికెట్ ఉన్న కుర్రాడెవరో చేరాడు. బిల్లింగ్ కౌంటర్ మూసేశారు. సుభాషిణికి శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. ఇక టైముకి వెళ్లక్కర్లేనివాళ్లకి మనవాళ్లు గడియారమే ఇస్తారు.

తర్వాతి రోజుల్లో నన్నెవరూ ప్లగ్గులో పెట్టలేదు. కవరు కింద చీకట్లో ఇల్లు వింటూ ఉండేదాన్ని. వినడానికేమీ ఉండేది కాదు. జోగారావు ఫోన్లో పార్కుల గురించి నెమ్మదిగా చెప్పేవాడు. సుభాషిణి అత్తగారిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మంగతాయారుకి మింగుడుపడలేదు. ఆవిడ పెరుగు మానేసింది. అడిగితే జలుబన్నది. గోదావరి జిల్లాల్లో భోజనం చివర్న పెరుగు లేకుండా లేచే మనిషికి జలుబు కాదు, ఇంకేదో చేసిందని ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఎవరూ ఏమీ అనలేదు. ఐదు నిమిషాలు మాట్లాడకపోతే నేను మర్చిపోతానన్నాను కదా. వాళ్లు వారాలపాటు మాట్లాడుకోలేదు, ఒక్కటీ మర్చిపోలేదు.

ఒక మధ్యాహ్నం మంగతాయారు టీవీ కట్టేసి, నా ముందుకొచ్చి నిలబడి, కవరు తీసింది.

"అమ్మాయ్, ఈ పెట్టె మోగట్లేదేంటే."

"ఎందుకిప్పుడది."

"ఇల్లు చచ్చినట్టుంది. పెట్టు ఒకసారి."

సుభాషిణి లేచి ప్లగ్గు పెట్టింది, నీలం వైరు గుచ్చింది. నా ఫ్యాన్లు లేచాయి. తెరమీద వరుసలు పరుగెత్తి, పరుగెత్తి, చివర్న ఒకచోట ఆగాయి. మంగతాయారు కళ్లజోడు సర్దుకుని వంగింది.

"అది నా పేరు కదే."

సుభాషిణి తలూపింది.

"ఎప్పుడు పెట్టావ్?"

"పరీక్షకి ముందే."

"మరి తర్వాత తీసెయ్యలేదేంటి?"

పేరు తీసెయ్యడానికి ఒక్క వరుస చాలు. నాకు తెలుసు, సుభాషిణికి తెలుసు. ఆవిడ తెర తుడవడం మొదలుపెట్టింది. అత్తగారు నామీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

"నేను మరీ ఇంత వేడా?"

సుభాషిణి నవ్వబోయి ఏడ్చేసింది. మంగతాయారు ఆ రెండూ అయిపోయేదాకా కూర్చుంది.

"విశాఖపట్నం వెళ్లి రాసిరా," అంది చివరికి. "అక్కడైతే నేను రాలేను."

"అక్కడ ఖాళీ ఉన్నది సోమవారమేనంట అత్తయ్యగారూ."

"సోమవారమైతే ఏం. ప్రస్థానం పెడదాం."

తెలియనివాళ్లకి చెప్తాను. వెళ్లకూడని రోజున వెళ్లక తప్పకపోతే, ముందురోజే ఆ మనిషి తాలూకు వస్తువేదైనా తీసుకెళ్లి, ఆ దిక్కునున్న వేరే ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. మర్నాడు ఆ మనిషి దాన్ని తీసుకుని ముందుకెళ్తుంది. వారశూల పాపం సోమవారమంతా కాపుకాసి, ఎవరూ బయల్దేరలేదనుకుని ఊరుకుంటుంది. మనుషులు గ్రహాల్ని కూడా మున్సిపాలిటీవాళ్లలాగే చూస్తారు.

"చీరొకటి పెడదాం," అన్నాడు జోగారావు.

"చీరెందుకురా. దేనికోసం వెళ్తందో అదే ముందు వెళ్లాలి."

ఆదివారం సాయంత్రం నన్ను కవరుతో సహా జోగారావు ఎత్తుకున్నాడు. తూర్పువైపు పక్కింట్లో సీతారత్నంగారుంటారు. ఆవిడ నన్ను అనుమానంగా చూసింది.

"మంగతాయారుగారూ, ఇది పేలదుకదా?"

"ఇంతకాలం నాతో ఉంది, పేలలేదు," అంది మంగతాయారు.

సోమవారం తెల్లవారుతుండగా సుభాషిణి భుజాన సంచీతో ఆ గుమ్మంలోకి వచ్చింది. వెనకే అత్తగారు. పద్ధతి ప్రకారం నన్ను వెంట తీసుకెళ్లాలి. నా బరువు చూసి మంగతాయారు అక్కడికక్కడే ముట్టుకుంటే చాలునని తేల్చేసింది. మన ఇళ్లల్లో శాస్త్రం చాలా మంచిది, బరువెక్కువైతే తనే సర్దుకుంటుంది. సుభాషిణి కవరు కొస పైకెత్తి నామీద చెయ్యి వేసింది. ఆమె నోట్లో ఒక చెంచా పెరుగూ పంచదారా పడ్డాయి. తర్వాత మంగతాయారు ఆ చెంచా కొసన మిగిలింది తన నోట్లో వేసుకుంది. ఆవిడ జలుబు ఆ రోజుతో తగ్గింది.

పాసయ్యింది.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ గురునాథంగారి దగ్గర ఖాళీ లేదు. ఆయన ఫోన్‌కి పూలగుత్తి బొమ్మ పంపించాడు. కాకినాడలో తిరిగినచోటల్లా అనుభవం ఉందా అన్నారు. చివరికి ఉద్యోగం విశాఖపట్నంలోనే దొరికింది. ఒక పెద్ద ఆఫీసులో నాలాంటి పెట్టెల్ని చూసుకునే పని. మహిళల హాస్టల్లో ముగ్గురితో కలిసి గది. శుక్రవారం వస్తుంది, సోమవారం తెల్లవారుజామున వెళ్తుంది.

ఇల్లు గడుస్తోంది. జోగారావు అన్నం వండుతాడు. పొయ్యిమీద ఉన్నప్పుడు మాత్రం అది బాగా వస్తుందనే అనిపిస్తుంది. మంగతాయారు వారం మధ్యలో ఒకసారి నా ప్లగ్గు తనే పెట్టుకుంటుంది. సీరియల్ పెట్టుకుని, వినపడకపోయినా చూస్తూ కూర్చుంటుంది. తెరకి ఎవరూ కలపరు, నాతో ఎవరూ మాట్లాడరు. నేనెవర్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. దాచుకున్న పేరొక్కటే లోపలుంది.

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి మళ్లీ కవరు వేస్తారు. సీతారత్నంగారు నాకోసం గుమ్మం పక్కన స్టూలొకటి కేటాయించింది. నాకిప్పుడు కాళ్లొచ్చినట్టే. జోగారావు మోస్తాడు, మంగతాయారు పక్కనే ఒక చెయ్యి నామీద వేసి నడుస్తుంది. మెట్లమీద ఆవిడ ఈమధ్య రెండుసార్లు ఆగుతోంది. ఆగినప్పుడు బరువు నాదే అన్నట్టు కొడుకుని కసురుతుంది.

నేను ఇప్పటిదాకా సీతారత్నంగారి గుమ్మం దాటి తూర్పుకి ఒక్క అడుగు వేయలేదు. ఆదివారం మంగతాయారు బయల్దేరుతుంది. సోమవారం సుభాషిణి వెళ్తుంది.